పాస్తా పలుకుగా ఉందని బాబాయి గొడవ

పోయిన వేసవిలో మా బాబాయి, పిన్ని యూరప్ ప్యాకేజీ టూర్‌కి వెళ్లొచ్చారు. పది రోజుల్లో అరడజను దేశాలు చుట్టించి పంపే రకం టూర్. వచ్చాక ఫొటోలు చూపిస్తూ కొలోసియం గురించి రెండు ముక్కలు చెప్పి, తిండి గురించి గంటసేపు మాట్లాడాడు బాబాయి. "ఇటలీలో ఇటాలియన్ ఫుడ్ బాలేదురా" అన్నాడు. పాస్తా సరిగ్గా ఉడకలేదట, కొరికితే పలుకు తగులుతోందట. సాస్ పిసినారితనంగా, ఏదో పూసినట్టు వేశారట. ఇక మెనూ అంతా వెతికినా ఆల్ఫ్రెడో పాస్తా లేదు, గార్లిక్ బ్రెడ్ అడిగితే వెయిటర్ మొహం అదోలా పెట్టాడు. "మన వీధి చివర కెఫేలో ఇంతకంటే బాగా చేస్తారు" అని తేల్చేశాడు.

అప్పుడు నవ్వుకున్నాం గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ ఫిర్యాదుల్లో ఒక్కటీ అబద్ధం కాదనిపించింది. అక్కడ పాస్తా పలుకుగానే ఉంటుంది, సాస్ తక్కువే వేస్తారు, గార్లిక్ బ్రెడ్ ఉండదు. అంటే మనం ఇన్నాళ్లూ ఇటాలియన్ అనుకుని తింటున్నది ఏంటి మరి? దొంగ సరుకా? నాకైతే అలా అనిపించదు. అది ఇటలీ నుంచి బయల్దేరి, సముద్రం దాటి, వేరే జేబులతో వేరే ఆకలితో కాపురం పెట్టిన తిండి. నూట పాతికేళ్లలో దానికి సొంత చరిత్ర వచ్చేసింది.

అసలు ఇటాలియన్ వంట అని ఒకటుందా అన్నది మొదట అడగాలి. ఇటలీ ఒక దేశంగా ఏర్పడింది 1861లో, రోమ్ అందులో కలిసింది 1870లో. ఆ రోజుల్లో ఇటాలియన్ భాష వచ్చినవాళ్లు, ఎంత ఉదారంగా లెక్కేసినా, పది మందిలో ఒకరు. భాషే ఒకటి కానప్పుడు వంట ఒకటెలా అవుతుంది? ఉత్తరాన మిలన్ వైపు వెన్నతో వండుతారు, కుంకుమపువ్వు వేసి రిసోట్టో అనే అన్నం వంటకం చేస్తారు, ఎందుకంటే పో నది మైదానంలో వెర్చెల్లి, నొవారా, పావియా చుట్టూ వరి పండుతుంది. వెనీస్ వెనకున్న పల్లెల్లో పేదవాడి తిండి పొలెంటా, అంటే అచ్చంగా మొక్కజొన్న సంగటి. పొద్దున అదే, రాత్రి అదే. అది తప్ప ఇంకేమీ దొరక్క విటమిన్ లోపించి పెల్లగ్రా అనే జబ్బుతో 19వ శతాబ్దంలో అక్కడ ఊళ్లకు ఊళ్లు బాధపడ్డాయి. (ఈ జబ్బు మనకు కొత్తదేం కాదు, తెలంగాణలో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లగ్రా ఎందుకొస్తోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లో పెద్ద పరిశోధనే చేశారు.) దక్షిణాన నేపుల్స్, సిసిలీ వైపు వెళ్తే వెన్న మాయమై ఆలివ్ నూనె వస్తుంది, గట్టి గోధుమ రవ్వతో చేసి ఎండబెట్టిన పాస్తా వస్తుంది, టమాటా వస్తుంది. మధ్యలో టస్కనీలో రొట్టెలో ఉప్పే వెయ్యరు. గోదావరి జిల్లాల పులస పులుసునీ రాయలసీమ రాగిసంగటినీ ఒకే పేరుతో పిలిచి "ఇదే తెలుగు తిండి" అని మెనూ కొట్టిస్తే మనకెలా ఉంటుందో, 'ఇటాలియన్ క్విజీన్' అనే బోర్డు చూసినప్పుడు బొలోన్యా మనిషికి కూడా అలాగే ఉంటుంది.

బొలోన్యా వాళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి, వాళ్ల పట్టింపు మామూలుది కాదు. తాల్యతెల్లే అనే రిబ్బను పాస్తా ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని తేల్చి, 1972లో ఆ కొలతతో బంగారంతో నమూనా చేయించి ఊరి వాణిజ్య మండలిలో భద్రపరిచారు. ఊళ్లో ఉన్న అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు అట ఆ వెడల్పు. పదేళ్లకు, 1982లో, మాంసం సాస్ వంటకాన్ని, అంటే వాళ్లు రాగూ అనేదాన్ని, అక్కడే అధికారికంగా నమోదు చేయించారు. గొడ్డుమాంసం, పంది మాంసం, ఉల్లి, క్యారెట్, సెలరీ, వైన్, పాలు, కాస్త టమాటా. వెల్లుల్లి లేదు. ప్రపంచమంతా తినే స్పఘెట్టీ బొలోనీస్ మాత్రం ఆ ఊళ్లో లేదు, సన్నటి నున్నటి స్పఘెట్టీకి ఆ ముద్దలాంటి సాస్ పట్టుకోదు, జారిపోయి ప్లేటు అడుగున మిగులుతుంది. అందుకే గుడ్డు వేసి కలిపిన వెడల్పాటి పాస్తా.

ఇప్పుడు బాబాయి మొదటి రెండు ఫిర్యాదులకు వద్దాం, ఎందుకంటే అసలు తేడా అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇటలీలో పాస్తా మన అన్నం లాంటిది, సాస్ దాంట్లోకి పచ్చడి లాంటిది. గోంగూర పచ్చడి ఎంత బాగున్నా ముద్దకు సరిపడా వేసుకుని కలుపుకుంటాం తప్ప పచ్చడిలో అన్నం తేలాడేలా తినం కదా. అక్కడా అంతే. ముఖ్యం పాస్తా రుచి, సాస్ దానికి తోడు. పాస్తాయే ముఖ్యమైనప్పుడు దానికి పంటికింద ఒక పట్టు ఉండాలి, మెత్తగా పేస్టులా అయిపోతే తినడానికేముంది? వాళ్లు 'అల్ దెంతే' అనే మాటకు నాకు తెలిసి మన 'పలుకు' కంటే దగ్గరి మాట లేదు. కాకపోతే మన ఇళ్లలో అన్నం పలుకుగా ఉందంటే అది తిట్టు, వాళ్లకది మెచ్చుకోలు. ఎండు పాస్తా గట్టి గోధుమ రవ్వతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేసుకున్నారు, ఆ రవ్వతో చేస్తేనే ఉడికినా చితికిపోకుండా ఆ పట్టు నిలబడుతుంది.

ఇంకో సంగతి, అక్కడ సాస్‌ని పైన పొయ్యరు. పాస్తా ఇంకా కాస్త ఉడకాల్సి ఉండగానే నీళ్లలోంచి తీసి, సాస్ ఉన్న పెనంలో వేసి, ఉడికిన నీళ్లు ఓ గరిటెడు పోసి, పొయ్యి మీదే తిప్పుతూ కలుపుతారు. ఆ నీళ్లు మన గంజి లాంటివే. అందులోని పిండి పదార్థమే నూనెనీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచి, సాస్ ప్రతి పోగుకీ అంటుకునేలా చేస్తుంది. పులిహోర కలిపే చెయ్యి తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. రోమ్‌లో చేసే 'కాచో ఎ పెపే'లో గొర్రెపాల చీజ్, మిరియాలు, ఈ గంజి తప్ప ఇంకేమీ ఉండవు. చేతకాకపోతే చీజ్ ఉండలు కట్టి నాశనమవుతుంది. క్రీమ్ లేకుండానే క్రీమ్‌లా కనిపించేది అందుకే, వాళ్ల పనితనమంతా ఆ గంజి దగ్గరే తెలిసిపోతుంది.

పైగా పాస్తా అక్కడ మొత్తం భోజనం కాదు, భోజనంలో మొదటి భాగం. ముందు పాస్తానో రిసోట్టోనో, తర్వాత విడిగా మాంసమో చేపో, దాని పక్కన కూర. రోజూ ఇంట్లో ఇన్నీ చేసుకుంటారని కాదు, ఆదివారం భోజనానికి మాత్రం ఆ వరస ఉంటుంది. ఒక ప్లేటు పాస్తాతో కడుపు నింపుకుందామని కూర్చున్న బాబాయికి అది కొసరులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

మరి ఈ వరస చెదిరి, అన్నీ ఒకే ప్లేటులోకి ఎలా వచ్చిపడ్డాయి? దీనికి జవాబు ఓడల్లో ఉంది. 1880 నుంచి 1924లో అమెరికా తలుపులు దాదాపు మూసేసేదాకా సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు అక్కడికి వలస పోయారు, ఎక్కువమంది దక్షిణాది పేదలు. ఊళ్లో ఉన్నప్పుడు వీళ్లేం తినేవాళ్లు? రొట్టె, చిక్కుళ్లు, ఆకుకూరలు, దొరికితే ఇంత ఉల్లిపాయ. మాంసం పండక్కి. పాస్తా కూడా చాలామంది కూలీలకు పండగ తిండే, నేపుల్స్ లాంటి పట్నాల్లో తప్ప. న్యూయార్క్‌లో దిగాక కూలి పనే చేసినా వారం జీతంతో మాంసం కొనగలిగారు. పుట్టాక మొదటిసారి చేతిలో డబ్బు, ఎదురుగా కసాయి కొట్టు. ఏం చేస్తారు? ఊళ్లో జమీందారు ఏం తింటాడని ఊహించుకున్నారో అది వండుకున్నారు. చీజ్ ఎక్కువ, మాంసం ఎక్కువ, సాస్ ఎక్కువ. ఊళ్లో వంకాయ ముక్కలతో చేసే పార్మిజానా అక్కడ చికెన్‌తో, దూడ మాంసంతో చేశారు. పిసరంత మాంసంలో నానబెట్టిన రొట్టె కలిపి చేసే చిన్న ఉండలు పిడికెడంత అయ్యాయి.

స్పఘెట్టీ మీద మీట్‌బాల్స్ పెట్టే వంటకం పుట్టిన తీరు నాకు భలే నచ్చుతుంది. నేపుల్స్‌లో ఆదివారం రాగూ అంటే పెద్ద పెద్ద మాంసం ముక్కల్ని టమాటాలో గంటల తరబడి సన్నటి సెగ మీద మగ్గబెట్టడం. అయ్యాక మాంసం పక్కకు తీసి, ఆ ఎర్రటి సాస్‌తో పాస్తా కలుపుకుని ముందు తింటారు, మాంసం తర్వాతి భాగం. ఒక్క గిన్నెతో రెండు వడ్డనలు. అమెరికాలో హోటల్ పెట్టినప్పుడు బయటి కస్టమర్ ఇలా వరసగా తినే రకం కాదు, అతనికి ఒక ప్లేటులో మాంసమూ పిండి పదార్థమూ రెండూ కనబడాలి. రెండు వడ్డనలూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, ప్లేట్లు తగ్గాయంతే.

ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఊళ్లో ఉన్నప్పుడు తాము సిసిలీ వాళ్లం, కలాబ్రియా వాళ్లం అనుకున్నవాళ్లు ఒకే వీధిలో పక్కపక్కన ఉండి, ఒకరి వంట ఒకరు నేర్చుకుని, అక్కడి జనం దృష్టిలో మొదటిసారి 'ఇటాలియన్లు' అయ్యారు. అంటే ఇటాలియన్ వంట అనే ఒకే ఒక్క ముద్ద ముందు పరాయి దేశంలో తయారైంది. లండన్‌లో ఇండియన్ రెస్టారెంట్ అంటే ఏంటో మనకు తెలుసు కదా, చికెన్ టిక్కా మసాలా ఉంటుంది, పప్పుచారు ఉండదు. బ్యూనస్ ఐరిస్‌కి పోయిన ఇటాలియన్లు మళ్లీ ఇంకో దారి తొక్కారు. అర్జెంటీనాలో ప్రతి నెలా 29న న్యోకీ అనే బంగాళాదుంప, పిండి ఉండలు తినడం ఆనవాయితీ, ప్లేటు కింద కరెన్సీ నోటు పెట్టుకుంటే వచ్చే నెల డబ్బు కలిసొస్తుందట. నెలాఖరుకి జేబు ఖాళీ అయినవాడు బంగాళాదుంప, పిండి తప్ప ఏం వండుకుంటాడు.

మాటలు కూడా దారిలో మారిపోయాయి. మాంసం సాసేజ్ ముక్కలు వస్తాయనుకుని ఇటలీలో పెపెరోనీ పిజ్జా అడిగితే క్యాప్సికం వేసి ఇస్తారు, ఆ మాటకు అర్థం అదే. మరినారా పిజ్జా అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, చీజ్ అసలే ఉండదు. కాఫీ ఊహించుకుని లాతే అడిగితే గ్లాసు పాలు వస్తాయి. సీజర్ సలాడ్ పుట్టింది మెక్సికోలోని తిహువానాలో, 1924లో, సీజర్ కార్డీని అనే ఇటాలియన్ వలసదారు హోటల్లో. పైనాపిల్ పిజ్జా కెనడాలో ఒక గ్రీకు వలసదారు 1962లో చేసిన ప్రయోగం. గార్లిక్ బ్రెడ్ సంగతంటారా, రొట్టె కాల్చి వెల్లుల్లి రాసి ఆలివ్ నూనె చుక్కలు వేసే బ్రుస్కెట్టాకి అమెరికాలో ఆలివ్ నూనె పోయి వెన్న చేరింది.

బాబాయి వెతికిన ఆల్ఫ్రెడో పాస్తా రోమ్‌లో లేకపోలేదు, టూర్ బస్సు ఆపిన చోట లేదంతే. ఆల్ఫ్రెడో ది లెలియో అనే హోటల్ ఆయన, 1908లో భార్య కాన్పు తర్వాత తిండి సయించక నీరసపడితే, వెన్న, పార్మిజానో అనే గట్టి చీజ్ రెండింతలు వేసి పాస్తా కలిపి పెట్టాడని కథ. నిజానికి వెన్నా చీజూ కలిపిన తెల్ల పాస్తా ఇటలీలో ఎప్పట్నుంచో ఉంది, జ్వరం వచ్చినవాళ్లకీ కడుపు బాగోలేనివాళ్లకీ పెట్టే పథ్యం అది, మన చారన్నం లెక్క. 1920లో హనీమూన్‌కి వచ్చిన హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ అది తిని మురిసిపోయి, తర్వాత ఆయనకు బంగారు చెంచా, ఫోర్కు బహుమతిగా ఇచ్చారు. అలా పేరు అమెరికా చేరింది. అక్కడ వెన్న, చీజ్, గంజి ఈ మూడింటినీ చేత్తో కలిపి చిక్కగా తెచ్చే ఓపిక హోటల్ వంటగదిలో ఎవరికుంది, క్రీమ్ పోసేస్తే గ్యారంటీగా చిక్కబడుతుంది. దాని మీద చికెన్, దాని మీద రొయ్యలు. ఇటలీలో రోగి తిండి అమెరికాలో విందు భోజనం అయ్యింది, ఇటలీలో మాత్రం రోమ్‌లోని ఆల్ఫ్రెడో పేరుతో ఉన్న హోటళ్లు దాటితే ఆ పేరు చాలామంది ఎరగరు.

ఇంతవరకూ చదివి "సరే, అసలుది ఇటలీలో ఉంది, బయటున్నది మార్చినది" అనుకుంటే కథ సగమే అయినట్టు. ఇటలీవాళ్లు సంప్రదాయం అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాటిలో చాలా వాటి వయసు మన తాతల వయసు కూడా ఉండదు.

కార్బనారాని తీసుకోండి. గుడ్డు, గొర్రెపాల చీజ్, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది దవడ మాంసం, మిరియాలు, ఇంతే ఉండాలి, క్రీమ్ వేస్తే పాపం అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ పేరుతో వంటకం ఎక్కడా రాతలో కనబడదు. వంటకం వివరాలు మొదట అచ్చయింది 1952లో, అదీ షికాగో హోటళ్ల మీద రాసిన పుస్తకంలో. ఇటలీలో 1954లో ఒక వంటల పత్రిక అచ్చువేసిన కార్బనారాలో వెల్లుల్లి ఉంది, స్విస్ గ్రుయేర్ చీజ్ ఉంది. ఇవాళ అలా చేసి వీడియో పెడితే ఇటాలియన్లు కామెంట్లలో ఉతికి ఆరేస్తారు. రోమ్‌కి వచ్చిన అమెరికన్ సైనికుల బేకన్, గుడ్ల వల్లే ఇది పుట్టిందని ఒక వాదం ఉంది, గట్టి రుజువు లేదు గానీ తేదీలు మాత్రం ఆ వైపే చూపిస్తున్నాయి. 1980ల్లో ఇటలీ అంతటా క్రీమ్ పిచ్చి పట్టుకుంది, వోడ్కా వేసిన పెన్నే (గొట్టాల్లాంటి పాస్తా) అప్పుడే ఊపందుకుంది, కార్బనారాలోనూ క్రీమ్ పోసుకున్నారు. తిరమిసూ అనే తీపి వంటకం కూడా 1970ల ముందు మెనూల్లో ఉండేది కాదు. పిజ్జా అయితే నేపుల్స్ దాటి ఉత్తర ఇటలీ ఊళ్లలో మామూలు తిండి అయ్యింది యుద్ధం తర్వాతే, దక్షిణాది కూలీలు ఫ్యాక్టరీ పనులకు వెళ్లి స్థిరపడ్డాక.

ఈ మాటలే పార్మా విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పే అల్బెర్తో గ్రాంది 2023లో ఒక బ్రిటిష్ పత్రికకు చెప్పేసరికి ఇటలీలో పెద్ద రగడ అయ్యింది. కార్బనారా అమెరికన్‌దే అన్నాడాయన, పాతకాలపు పార్మిజానోకి దగ్గరగా ఉండే చీజ్ ఇప్పుడు దొరికేది అమెరికాలోని విస్కాన్సిన్‌లో అన్నాడు. ఈ రెండో మాట కావాలని గిల్లడమే అని నాకనిపిస్తుంది. కానీ 'ప్రాచీన సంప్రదాయం' అని అమ్ముతున్నదాంట్లో 1950, 60ల్లో డబ్బులొచ్చాక కుదిరిన వంటే ఎక్కువ అన్న ఆయన అసలు వాదనను కొట్టిపారేయలేం. డబ్బు రాగానే పేదవాడి వంట మారింది, అది న్యూయార్క్‌లో 1900 ప్రాంతంలో జరిగితే ఇటలీలో యాభై అరవై ఏళ్లు ఆలస్యంగా జరిగింది. ఈ గొడవలేవీ ఆపలేదు, 2025 డిసెంబర్ 10న యునెస్కో ఇటాలియన్ వంటను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సమావేశం జరిగింది ఢిల్లీ ఎర్రకోటలో, అదే రోజు మన దీపావళినీ అదే జాబితాలో చేర్చారు.

మరి హైదరాబాద్ వైట్ సాస్ పాస్తా ఏ లెక్కలోకి వస్తుంది? మైదా, వెన్న, పాలు కలిపి కాచే ఆ తెల్ల సాస్ ఇటలీలోనూ ఉంది, బెషమెల్లా అంటారు, లజాన్యా పొరల మధ్య వేస్తారు. దాన్నే తెచ్చి పెన్నే మీద కుమ్మరించి, ప్రాసెస్డ్ చీజ్ తురిమి, స్వీట్ కార్న్, క్యాప్సికం వేసి, పైన ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ ప్యాకెట్లు చింపితే మనది. మన దగ్గర శాకాహారులు ఎక్కువ, కాబట్టి పంది మాంసం స్థానంలో పనీర్ రావడం సహజం. పార్మిజానోలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ తప్పనిసరి, అంటే శుద్ధ శాకాహారి తినదగ్గ చీజ్ కాదది, ఈ విషయం మెనూలో ఆకుపచ్చ చుక్క పెట్టే చాలామందికి తెలియదు. పనీర్ పిజ్జాని చూసి ముక్కు విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. నా గొడవల్లా పాస్తాని ముందే మెత్తగా ఉడకబెట్టి, నూనె పూసి ఫ్రిజ్‌లో పెట్టి, ఆర్డర్ రాగానే సాస్‌లో ముంచి లేపే పద్ధతితో. అలా చేస్తే సాస్ ఇటలీ నుంచి విమానంలో తెప్పించినా రుచి రాదు.

బాబాయికి ఇదంతా చెప్పే ఓపిక లేక పోయిన ఆదివారం ఇంట్లో స్పఘెట్టీ చేశాను, 'ఆల్యో, ఓల్యో ఎ పెపెరొంచీనో' అని దక్షిణాది పేదింటి వంట. నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, ఎండుమిరపకాయ, గరిటెడు గంజి, ఉప్పు, అంతే. తాలింపు వాసనకి పిన్ని వంటింట్లోకి వచ్చి "దేనికి పెడుతున్నావురా పోపు?" అంది. కలిపి ప్లేటులో పెట్టాను, చీజ్ కూడా వెయ్యలేదు. బాబాయి రెండు ముద్దలు తిని తలూపాడు. బాగుందన్నాడు. మూడో ముద్దకి ఆగి, "కాకపోతే ఇంకో రెండు నిమిషాలు ఉడకాలి, పలుకు తగులుతోంది" అన్నాడు.